సెఫ్‌ట్రయాక్సోన్ సూది: మంచం పక్కన ఉన్నవాళ్లకు తెలియాల్సినవి

నాలుగు రోజులైనా జ్వరం తగ్గకపోతే మన ఊళ్లలో గట్టిగా వినిపించే పేరు 'మోనోసెఫ్'. డబ్బా మీద ఏ కంపెనీ పేరున్నా జనం నోట్లో అది మోనోసెఫే. మందు అసలు పేరు సెఫ్‌ట్రయాక్సోన్. చిన్న గాజు సీసాలో తెల్లగానో లేత పసుపుగానో పొడి ఉంటుంది. రబ్బరు బిరడా, దాని చుట్టూ అల్యూమినియం పట్టీ, పైన బొటనవేలితో లేపితే ఊడొచ్చే ప్లాస్టిక్ మూత. అందులో నీళ్లు కలిపి, సిరంజిలోకి లాగి, నరంలోకో కండలోకో ఎక్కిస్తారు. చూడ్డానికి రెండు నిమిషాల పని.

మందు మంచిదే, అందులో సందేహం అక్కర్లేదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ అత్యావశ్యక మందుల జాబితాలో అది ఉంది. టైఫాయిడ్, మెదడు పొరల వాపు, ముదిరిన న్యుమోనియా, కిడ్నీకి పాకిన మూత్ర ఇన్ఫెక్షన్ లాంటివాటిలో ప్రాణాలు నిలబెట్టే మందు. దీని పుట్టుకలోనూ టైఫాయిడ్ ఉంది. ఇటలీలోని సార్డీనియా దీవిలో, కాలియారి పట్నపు మురుగు సముద్రంలో కలిసేచోట 1945లో జుసెప్పె బ్రోత్సు అనే ఆచార్యుడు ఒక బూజును పట్టుకున్నాడు. దాని రసం టైఫాయిడ్ సూక్ష్మజీవుల్ని అణచడం చూశాడు. సెఫలోస్పోరిన్ల కుటుంబం మొత్తానికి ఆ బూజే మూలం. సెఫ్‌ట్రయాక్సోన్ ఆ కుటుంబంలో మూడో తరం మందు, 1980ల మొదట్లో వాడుకలోకి వచ్చింది.

దీనికి ఇంత పేరు రావడానికి ఒక కారణం మందు బలమైతే, రెండోది సౌకర్యం. చాలా సూది మందులు రోజుకు మూడు నాలుగుసార్లు వేయాలి. సెఫ్‌ట్రయాక్సోన్ సగానికి తగ్గడానికి ఒంట్లో దాదాపు ఎనిమిది గంటలు పడుతుంది కాబట్టి ఎక్కువ జబ్బులకు రోజుకొక్కసారి వేస్తే చాలు. పొద్దున వచ్చి సూది వేయించుకుని ఇంటికి పోవచ్చు. ఈ సుగుణమే దాన్ని ఆసుపత్రి గడప దాటించింది. ఆర్‌ఎంపీ గారి అరుగు మీదకు, మందుల షాపు వెనక గదిలోకి, ఇంట్లో నులకమంచం దగ్గరకు వచ్చేసింది. సూదితో పాటు ఉండాల్సిన పరీక్షలు, అత్యవసర మందులు, గమనించే మనిషి మాత్రం ఆసుపత్రిలోనే ఉండిపోయారు. ఈ మందుతో వచ్చే ఇబ్బందుల్లో చాలావరకు అక్కడి నుంచే మొదలవుతాయి.

మొదటి సంగతి, అసలు ఈ సూది అవసరమా అన్నది. వైరల్ జ్వరానికి, డెంగీకి, మామూలు జలుబు దగ్గులకు సెఫ్‌ట్రయాక్సోన్ ఏమీ చేయదు. వైరస్ మీద దానికి పట్టు లేదు. డెంగీ జ్వరం నాలుగో రోజుకో ఐదో రోజుకో దానంతటదే దిగుతుంది. సరిగ్గా అప్పటికి రెండు సూదులు పడి ఉంటాయి, పేరు సూదికి పోతుంది. పైగా డెంగీలో అసలు ప్రమాదం మొదలయ్యేది జ్వరం దిగిన ఆ ఒకటి రెండు రోజుల్లోనే. సూదికి తగ్గిందనుకుని ఇంటికి వెళ్లిపోతే ఆ ప్రమాదాన్ని గమనించేవాళ్లుండరు.

టైఫాయిడ్ అని తేల్చే పద్ధతి ఇంకో తిరకాసు. 'వైడాల్ పాజిటివ్' అని ల్యాబు కాగితం రాగానే సూదులు మొదలైపోతాయి. వైడాల్ పరీక్ష 1896 నాటిది. ఎప్పుడో వచ్చిపోయిన టైఫాయిడ్‌కూ, వేయించుకున్న టీకాకూ, ఒక్కోసారి వేరే జ్వరాలకూ అది పాజిటివ్ చూపిస్తుంది. ఒక్క వైడాల్ కాగితం పట్టుకుని పది రోజుల సూదులకు సిద్ధపడటం సబబు కాదు. నమ్మదగ్గది బ్లడ్ కల్చర్. రక్తం తీసి సీసాలో పెంచి, ఏ సూక్ష్మజీవి ఉందో, ఏ మందుకు లొంగుతుందో చెబుతారు. రిపోర్టుకు రెండు మూడు రోజులు పడుతుంది, ఖర్చు కొంచెం ఎక్కువ. దానికి ఒక షరతు ఉంది. మొదటి సూది పడకముందే రక్తం తీయాలి. ఒక్క డోసు పడినా సూక్ష్మజీవులు నలిగిపోయి కల్చర్‌లో పెరగకపోవచ్చు, అప్పుడు రిపోర్టు ఖాళీగా వస్తుంది. కాబట్టి డాక్టర్ గారు ఇంజక్షన్ రాయగానే అడగాల్సిన మొదటి మాట, "కల్చర్‌కి రక్తం తీశారాండీ?" మెదడు పొరల వాపు (మెనింజైటిస్) లాంటి ప్రాణం మీదకొచ్చిన స్థితిలో పరీక్షల కోసం సూది ఆపరు, ఆపకూడదు కూడా. మామూలు జ్వరంలో ఆ తొందర ఉండదు.

ఇక కలపడం దగ్గరికి వద్దాం. ఎక్కువమంది పట్టించుకోనిది ఇదే, నాకు అన్నిటికంటే ముఖ్యంగా తోచేదీ ఇదే.

సీసాలో పొడికి తోడు డబ్బాలో చిన్న ప్లాస్టిక్ గొట్టంలోనో గాజు ఆంప్యూల్‌లోనో నీళ్లుంటాయి. అది ఇంజక్షన్ కోసమే శుద్ధి చేసిన నీరు. నరంలోకి వేయాలంటే ఒక గ్రాము పొడికి సుమారు 10 మిల్లీలీటర్లు కలిపి, బాగా ఊపి, పొడి రేణువు కూడా మిగలకుండా కరిగాక, నెమ్మదిగా రెండు నుంచి ఐదు నిమిషాల్లో ఎక్కిస్తారు. లేదంటే చిన్న సెలైన్ బాటిల్‌లో కలిపి అరగంట పాటు డ్రిప్‌గా వదులుతారు. కలిపిన మందు లేత పసుపు నుంచి తేనె రంగు దాకా ఉండొచ్చు, కంగారు పడక్కర్లేదు. మబ్బుగా ఉన్నా, తెల్లటి నలకలు తేలుతున్నా మాత్రం వేయనివ్వకూడదు.

కండకు వేసే సూది సంగతి వేరు. నీళ్లతో కలిపి కండలోకి వేస్తే సెఫ్‌ట్రయాక్సోన్ భరించలేనంత నొప్పి పెడుతుంది. అందుకని లిగ్నోకెయిన్ అనే మొద్దుబార్చే మందుతో కలుపుతారు. అలా కలిపిన సిరంజిని నరంలోకి ఎక్కించకూడదు. లిగ్నోకెయిన్ గుండె లయనూ మెదడునూ తాకే మందు, కండలో ఉండాల్సింది ఒక్కసారిగా రక్తంలోకి పోతే ఫిట్స్ రావచ్చు, గుండె తడబడొచ్చు. రోగికి నిన్న కండకు వేసి ఇవాళ కాన్యులా (నరంలో పెట్టి ఉంచే సన్న గొట్టం) పెట్టారనుకోండి, సరిగ్గా ఇలాంటి మార్పుల రోజునే పొరపాటుకు చోటుంటుంది. "సిస్టర్, ఇది దేంతో కలిపారమ్మా?" అని అడగడానికి మొహమాటపడక్కర్లేదు. ఆ ప్రశ్నకు మంచి నర్సులెవరూ చిన్నబుచ్చుకోరు.

మూడోది ఆర్‌ఎల్ బాటిల్. రింగర్ లాక్టేట్ అని దాని మీద రాసి ఉంటుంది. జనానికి తెల్లగా వేలాడే ప్రతిదీ సెలైనే, లేదా గ్లూకోజే. ఆర్‌ఎల్‌లో కాల్షియం ఉంటుంది. సెఫ్‌ట్రయాక్సోన్, కాల్షియం ఒకచోట కలిస్తే సున్నపు తరక లాంటి కరగని పదార్థం పేరుకుంటుంది. డెంగీ, విరేచనాల సీజన్లో వార్డు నిండా ఆర్‌ఎల్ బాటిళ్లే వేలాడుతుంటాయి, అదే గొట్టం పక్క రంధ్రంలోంచి యాంటీబయాటిక్ తోసేయడం చేతికి తేలిక. అది చేయకూడదు. పెద్దవాళ్లలో ఆర్‌ఎల్ ఆపి, మామూలు సెలైన్‌తో గొట్టం శుభ్రంగా కడిగి, ఆ తర్వాత సూది మందు ఇవ్వొచ్చు. నెల లోపు పసికందుల్లో లెక్క ఇంకా కఠినం. నరం ద్వారా కాల్షియం అందుతున్న, లేదా అందాల్సిన నవజాత శిశువుకు సెఫ్‌ట్రయాక్సోన్ ఇవ్వనే కూడదు, వేరే గొట్టంలో ఇచ్చినా సరే. అలా ఇచ్చిన కొందరు పిల్లల ఊపిరితిత్తుల్లో, మూత్రపిండాల్లో ఈ తరక పేరుకుని ప్రాణాలు పోయాయి. అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2007లో హెచ్చరిక ఇచ్చింది ఆ కేసుల వల్లే. కామెర్లున్న పసిపిల్లలకూ, నెలలు నిండకుండా పుట్టినవాళ్లకూ కూడా ఈ మందు పనికిరాదు, రక్తంలోని పసుపు రంగును అది మెదడు వైపు తోసే ప్రమాదం ఉంది. వాళ్లకు అదే కుటుంబంలోని సెఫోటాక్సిమ్ లాంటివి వాడతారు.

కండకు వేసే చోటు కూడా చిన్న విషయం కాదు. పిరుదును నాలుగు భాగాలుగా ఊహించుకుంటే పైన బయటి భాగంలోనే సూది పడాలి. లోపలి వైపు, కింది వైపు తుంటి నరం పోతుంది. దానికి సూది తగిలిన పిల్లలు పాదం ఈడ్చుకుంటూ నడవడం ఎముకల డాక్టర్లకు కొత్త కాదు. చిన్నపిల్లలకైతే తొడ ముందు బయటి వైపే మేలు. పెద్దవాళ్లకైనా ఒకచోట ఒక గ్రాముకు మించి వేయరు.

సూది, సిరంజి కళ్లముందు కవరు చించి తీయాలి. 2018 మొదట్లో ఉత్తరప్రదేశ్‌లోని ఉన్నావ్ జిల్లా బాంగర్‌మవు ప్రాంతంలో పదుల మందికి హెచ్‌ఐవీ ఉన్నట్టు బయటపడితే, సైకిల్ మీద తిరుగుతూ చౌకగా ఇంజక్షన్లు వేసే ఒక నాటువైద్యుడి సూది మీదకు అనుమానం పోయింది. సూది మారిస్తే చాలు, సిరంజి అదే అయినా పర్లేదనుకోవడం కూడా తప్పే. సగం మిగిలిన సీసాను ఫ్రిజ్‌లో పెట్టి రేపు వేయమనడం ఇళ్లలో కనిపించే మరో అలవాటు. ఇంట్లో కలిపింది అప్పుడే వాడాలి, మిగిలితే పారేయాలి.

ఇప్పుడు టెస్ట్ డోసు. "టెస్ట్ డోసు వేశాం, ఏం కాలేదు పెద్దమ్మా, భయం లేదు" అనే మాట ప్రతి వార్డులోనూ వినిపిస్తుంది. ముంజేతి చర్మం కింద చుక్క మందు వేసి, పెన్నుతో చుట్టూ గీత గీసి, పావుగంటో ఇరవై నిమిషాలో ఆగి చూస్తారు. ఉబ్బకపోతే మిగతా డోసు వేసేస్తారు. ఈ పరీక్ష ఇచ్చే భరోసా చాలా తక్కువ. ఎర్రబడనివాళ్లకు తర్వాత ఎలర్జీ రావచ్చు. ఎర్రబడినవాళ్లలో చాలామందికి నిజంగా ఎలర్జీ ఉండదు, మందు గాఢత వల్ల చర్మం మండి ఉంటుంది, అంతే. అసలైన ఎలర్జీ ఉన్న మనిషికి ఆ చుక్కే ఆపద తేవచ్చు. టెస్ట్ డోసు వేయొద్దని వార్డులో గొడవ పెట్టుకోమనడం లేదు. అది వేశారు కదా అని తర్వాతి అరగంట కునుకు తీయొద్దని మాత్రం చెప్పాలి.

టెస్ట్ డోసు కంటే ఎన్నోరెట్లు విలువైనది పాత చరిత్ర. గతంలో పెన్సిలిన్, ఎమాక్సిసిలిన్, సెఫిక్సిమ్ లాంటి మందులకు దద్దుర్లు, పెదవుల వాపు, ఆయాసం వచ్చాయా? సెఫిక్సిమ్ బిళ్ల, సెఫ్‌ట్రయాక్సోన్ సూది ఒకే ఇంటి మందులని చాలామందికి తెలియదు, బిళ్లకు ఒళ్లంతా దద్దుర్లొచ్చిన సంగతి సూది వేసేటప్పుడు చెప్పరు. పెన్సిలిన్ పడనివాళ్లలో సెఫ్‌ట్రయాక్సోన్ కూడా పడనివాళ్లు నిజానికి కొద్దిమందే, పాతకాలపు పుస్తకాల్లో భయపెట్టినంత లేదు. అయినా నిర్ణయం డాక్టరుది, సమాచారం మాత్రం మనదే. పడని మందు పేరు ఒక చీటీ మీద రాసి ఆధార్ కార్డు వెనక పెట్టుకుంటే చాలు. 'ఎర్ర బిళ్ల పడదండీ' అంటే డాక్టరుకు ఏం అర్థమవుతుంది?

ప్రాణం తీసే ఎలర్జీ ఎలా మొదలవుతుందంటే, అరచేతులు, తల దురద, ఒళ్లంతా వేడి, దద్దుర్లు, గొంతు బిగుసుకున్నట్టు, దగ్గు, పిల్లికూతలు, వాంతి, కళ్లు తిరగడం. ఒక్కోసారి దద్దుర్లు లేకుండానే బీపీ పడిపోతుంది. 'నాకేదో అయిపోతోంది' అని రోగి అంటే కొట్టిపారేయకూడదు. ఇది చాలావరకు నిమిషాల్లోనే, ఎక్కువగా అరగంట లోపే బయటపడుతుంది. అప్పుడు మొదట పడాల్సిన మందు ఒక్కటే, అడ్రినలిన్. పెద్దవాళ్లకు అర మిల్లీలీటరు, తొడ బయటి వైపు కండలోకి, వెంటనే. తగ్గకపోతే ఐదు నిమిషాలకు మళ్లీ. మనిషిని పడుకోబెట్టి కాళ్లు కొంచెం ఎత్తి పెట్టాలి, లేపి నడిపించకూడదు. ఆయాసం ఎక్కువగా ఉంటే మాత్రం కూర్చోనివ్వాలి. మన దగ్గర తరచూ జరిగేది ఇంకోటి. ముందు అవిల్, తర్వాత డెక్సా అనే స్టెరాయిడ్, ఆ తర్వాత ఆక్సిజన్, చివరికి అడ్రినలిన్. అవిల్ దురద తగ్గిస్తుంది, పడిపోయిన బీపీని లేపలేదు. ఆ వరుసలో పోయే పది నిమిషాలే ప్రాణం.

అందుకే సూది ఎక్కడ వేయించుకోవాలన్న దానికి నా దృష్టిలో ఒకే కొలబద్ద ఉంది. అక్కడ అడ్రినలిన్ ఆంప్యూల్, దాన్ని వేయడం తెలిసిన మనిషి ఉన్నారా? ఉంటే ఊరి ప్రాథమిక ఆరోగ్య కేంద్రమైనా చాలు. లేకపోతే ఎంత పేరున్నవారైనా, ఎంత కావలసినవారైనా, యాంటీబయాటిక్ సూది అక్కడ వద్దు. ఊరి ఆర్‌ఎంపీ అర్ధరాత్రి పిలిస్తే వచ్చే మనిషి, ఆ మాట నిజమే. రాత్రికి జ్వరం బిళ్ల ఇచ్చి, పొద్దున పెద్దాసుపత్రికి పంపినా ఆయన మేలు చేసినట్టే.

ఒక మాట పక్కకు. ఈ జాగ్రత్తలు అన్ని సూదులకూ ఒకటే కావు. అమికాసిన్, జెంటామైసిన్ లాంటివి కిడ్నీలనూ చెవులనూ దెబ్బతీయగలవు, పోయిన వినికిడి తిరిగి రాదు, కిడ్నీల పనితీరు చెప్పే క్రియాటినిన్ పరీక్ష చూస్తూ వాడాలి. వాంకోమైసిన్ గంటకు తక్కువ కాకుండా నెమ్మదిగా ఎక్కాలి. ఈ మందుల్ని సెఫ్‌ట్రయాక్సోన్‌తో ఒకే బాటిల్‌లో కలపకూడదు. అందుకే సీసా మీద పేరు చదవాలి. సెఫ్‌ట్రయాక్సోన్‌కు సల్‌బాక్టమ్ జోడించిన సీసాలు కూడా ఉంటాయి, పేరు చివర ఒకటి రెండు అక్షరాల తేడా, బిల్లులోనూ తేడా. రాసింది ఏది, తెచ్చింది ఏది అని సరిచూసుకోవాలి.

చేతికి కాన్యులా పెట్టి రోజూ వచ్చి వేయించుకుని పొమ్మంటే, దాన్ని తడవనీయకూడదు, దాంతో పొలం పని, బట్టలు ఉతకడం వద్దు. చుట్టూ ఎర్రబడినా, తాడులా గట్టిపడినా, మందు వేస్తుంటే మండినా తీయించేయాలి. మళ్లీ గుచ్చుతారన్న భయంతో చెడిపోయిన కాన్యులాను ఇంకో రెండు రోజులు లాగడం కనిపిస్తుంటుంది, చీము పట్టేది అలాగే.

టైఫాయిడ్‌లో మూడో రోజుకు వచ్చే ప్రశ్న, "ఇంకా జ్వరం తగ్గలేదేంటి?" సరైన మందు పడుతున్నా టైఫాయిడ్ జ్వరం దిగడానికి నాలుగైదు రోజులు, ఒక్కోసారి వారం పడుతుంది. ఆ ఓపిక లేక డాక్టరును మార్చి, ఆయన ఇంకా పెద్ద మందు మొదలుపెట్టి, పది రోజుల్లో మూడు యాంటీబయాటిక్‌లు చూసిన రోగులుంటారు. దీనికి వ్యతిరేక దిశలో ఇంకో పొరపాటు, జ్వరం దిగిన మర్నాడే మానేయడం. టైఫాయిడ్‌కు సాధారణంగా మొత్తం పది నుంచి పద్నాలుగు రోజుల వైద్యం ఉంటుంది. మొత్తం సూదులే కావాలని లేదు. జ్వరం దిగి, మనిషి తింటూ, వాంతులు లేకపోతే, కల్చర్ రిపోర్టు చూసి డాక్టరు బిళ్లలకు మారుస్తారు. బిళ్లలు రాస్తే 'ఈయన దగ్గర మందు బలం లేదు' అనుకోవడం మనవాళ్ల అలవాటు. నిజానికి అలా మార్చగలగడం కోలుకుంటున్నారనడానికి గుర్తు. కాన్యులా వెళ్లిపోతే దాని ఇన్ఫెక్షన్ భయమూ పోతుంది.

అవసరం లేకుండా వాడితే ఏమవుతుందో 2016 నవంబరులో పాకిస్తాన్‌లోని హైదరాబాద్‌లో, సింధు నది ఒడ్డున ఉన్న హైదరాబాద్‌లో, కనిపించింది. అక్కడ మొదలైన టైఫాయిడ్ పాత మందులన్నిటితో పాటు సెఫ్‌ట్రయాక్సోన్‌కూ లొంగలేదు. చేతిలో మిగిలినవి అజిత్రోమైసిన్ బిళ్లలు, మెరోపెనెమ్ లాంటి ఖరీదైన సూదులు. దాన్ని అదుపు చేయడానికి పాకిస్తాన్ 2019లో పిల్లల మామూలు టీకాల్లోకి టైఫాయిడ్ కాంజుగేట్ టీకాను తెచ్చింది, ప్రపంచంలో అలా చేసిన మొదటి దేశం అదే. ఆ టీకా తయారైంది మన హైదరాబాద్ పక్కన జీనోమ్ వ్యాలీలో, భారత్ బయోటెక్ చేతిలో. మన దేశంలో టైఫాయిడ్ ఇప్పటికీ చాలావరకు సెఫ్‌ట్రయాక్సోన్‌కు లొంగుతోంది. అది అలాగే ఉంటుందన్న హామీ ఎక్కడా లేదు.

మందులు ఇలా పనిచేయకుండా పోతాయన్న భయంతోనే మన చట్టం ముందే దీన్ని షెడ్యూల్ హెచ్1లో పెట్టింది. 2014 మార్చి నుంచి అమల్లో ఉన్న నిబంధన అది. డాక్టరు చీటీ లేకుండా అమ్మకూడదు. అమ్మినప్పుడు రోగి పేరు, రాసిన డాక్టరు పేరు, ఎంత ఇచ్చారో వేరే రిజిస్టర్‌లో రాసి మూడేళ్లు ఉంచాలి. సీసా మీద ఎర్ర రంగు ఆర్‌ఎక్స్ గుర్తు, ఎర్ర గీతల పెట్టెలో హెచ్చరిక దానికోసమే. షాపులో ఎవరూ పేరు అడగకుండా సీసా చేతిలో పెడితే, ఆ షాపువాళ్లు మనకు ఉపకారం చేసినట్టు కాదు.

సూదుల కోర్సు నడుస్తుండగా కానీ అయ్యాక కానీ నీళ్ల విరేచనాలు పట్టుకుంటే, ముఖ్యంగా జిగురో రక్తమో పడితే, ఇంట్లో ఉన్న విరేచనాల బిళ్ల వేసి ఆపేయకుండా డాక్టరుకు చూపించాలి. యాంటీబయాటిక్ పేగులోని మంచి సూక్ష్మజీవుల్ని తుడిచేసినప్పుడు వచ్చే వేరే జబ్బు అయి ఉండొచ్చు. ఒళ్లు ఒక్కసారిగా పాలిపోయి, మూత్రం నల్లటి టీ డికాషన్‌లా వస్తే అది ఇంకా తొందరపడాల్సిన సంగతి. ఎర్ర రక్తకణాలు విరిగిపోవడం ఈ మందుతో చాలా అరుదు, వస్తే మాత్రం తీవ్రం.

ఇంకోటి, మరీ అరుదు కాకపోయినా ఎవరూ ముందుగా చెప్పనిది. ఎక్కువ రోజులు ఈ సూది తీసుకున్న పిల్లలకు కడుపు కుడివైపు నొప్పి వస్తే స్కానింగ్ చేయిస్తారు. రిపోర్టులో 'గాల్ బ్లాడర్‌లో రాళ్లు' అని వస్తుంది. ఇంట్లో అందరికీ గుండె ఆగినంత పనవుతుంది, ఆపరేషన్ మాట కూడా వస్తుంది. సెఫ్‌ట్రయాక్సోన్ కొంత భాగం పైత్యరసంలోకి పోయి, అక్కడి కాల్షియంతో కలిసి, రాళ్లలా కనిపించే మడ్డిగా పేరుకుంటుంది. మందు ఆపాక కొద్ది వారాల్లో అది చాలావరకు దానంతటదే కరిగిపోతుంది. కాబట్టి స్కానింగ్ చేసే డాక్టరుకూ, సర్జన్‌కూ డిశ్చార్జి కాగితం చూపించి, ఫలానా తేదీ నుంచి ఫలానా తేదీ దాకా ఈ సూదులు పడ్డాయని చెప్పాలి. నొప్పి ముదరకుండా, జ్వరం, కామెర్లు లేకుండా ఉంటే వాళ్లు కొన్ని వారాలు ఆగి మళ్లీ స్కాన్ తీయిస్తారు.